గూటిలో గుడ్డుంది, కాస్త దూరంగా ఎగరండి!

పిల్లలూ! వేసవిలో పొద్దున పది గంటలు దాటాక ఒకసారి బడి వరండాలో నిలబడి ఆకాశంలోకి చూడండి. మా వీరులపాడు, నందిగామ ప్రాంతంలోనైతే పత్తి తీసేసిన చేల మీద, మునేటి ఇసుక మీద గద్దలు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తాయి. వాటిలో ఒక గద్దను ఎంచుకుని, అది ఎన్నిసార్లు రెక్కలు ఆడించిందో లెక్కపెట్టండి. చాలాసేపు చూసినా మీ లెక్క పెద్దగా పెరగదు. అయినా ఆ గద్ద కిందికి దిగదు సరికదా, చుట్టు తర్వాత చుట్టు పైకి పోతూనే ఉంటుంది. రెక్క ఆడించకుండా పైకి ఎలా పోతుంది?

ఈ రహస్యం తెలుసుకున్న మనిషి తాను కూడా అలాగే ఎగరడం నేర్చుకున్నాడు. ఆ క్రీడ పేరు పారాగ్లైడింగ్. ఇంజను లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. పక్షికి ఇంతకంటే మంచి పొరుగువాడు ఎవరుంటారు అనిపిస్తుంది కదూ! కాని ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ చిక్కేమిటో, దాన్ని ఎలా తప్పించవచ్చో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కనిపించని మెట్లు

ఎండ అన్నిచోట్లా ఒకేలా కాసినా నేల అంతటా ఒకేలా వేడెక్కదు. నల్లరేగడి దుక్కి, ఇసుక, రాతిగుట్ట, పెంకుటిళ్ల కప్పులు త్వరగా వేడెక్కుతాయి. చెరువు, తడి ఉన్న వరిమడి, మామిడితోట నెమ్మదిగా వేడెక్కుతాయి. వేడెక్కిన నేలను ఆనుకుని ఉన్న గాలి కూడా వేడెక్కి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి సాంద్రత తగ్గుతుంది. చుట్టూ ఉన్న చల్లని, బరువైన గాలి దాన్ని పైకి నెడుతుంది. ఇలా పైకి లేచే వేడిగాలి స్తంభాన్ని 'థర్మల్' అంటారు. మీరు పాఠంలో చదువుకున్న ఉష్ణసంవహనం ఇదే.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒక పలుచని కాగితాన్ని గుండ్రంగా కత్తిరించండి. అంచు నుంచి మధ్య దాకా చుట్టలు చుట్టుకున్న పాములా మళ్లీ కత్తిరించండి. మధ్యలో దారం కట్టి, వెలుగుతున్న కొవ్వొత్తికి జానెడు పైన వేలాడదీయండి. మంట కాగితానికి తగలకూడదు. పెద్దవాళ్లను పక్కన ఉంచుకునే ఈ ప్రయోగం చేయండి. కాగితపు పాము తనంతట తానే తిరగడం మొదలు పెడుతుంది. పైకి లేచే వేడిగాలే దాన్ని తిప్పుతున్నది.

గద్ద చేసే పని ఇంకా తెలివైనది. అది థర్మల్‌ను వెతికి పట్టుకుని, అందులోంచి బయటికి పోకుండా గుండ్రంగా తిరుగుతుంది. రెక్కలు చాచి జారే పక్షి చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పుడూ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది. కాని ఆ గాలే అంతకంటే వేగంగా పైకి పోతుంటే, పక్షి కూడా దానితో పాటు పైకి పోతుంది. కదిలే మెట్లపై నిలబడ్డ మనిషి అడుగు వేయకుండానే పై అంతస్తుకు చేరుకున్నట్టన్నమాట!

గుడ్డతో చేసిన రెక్క

పారాగ్లైడర్ చూడటానికి పారాచ్యూట్‌లా ఉంటుంది. కాని రెండింటి పనీ వేరు. పారాచ్యూట్ మనిషిని నెమ్మదిగా కిందికి దించడానికి పనికివస్తుంది. పారాగ్లైడర్ నిజంగా ఒక రెక్క. పలుచని నైలాన్ గుడ్డను రెండు పొరలుగా, మధ్యలో గదులు గదులుగా కుడతారు. ముందు అంచున ఉన్న రంధ్రాల గుండా గాలి దూరి ఆ గదులను ఉబ్బిస్తుంది. అప్పుడు గుడ్డ విమానపు రెక్క ఆకారం పొందుతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 10 మీటర్లు ఉంటుంది. దాని కింద సన్నని తాళ్లకు వేలాడే ఆసనంలో పైలట్ కూర్చుంటాడు.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. కదలని గాలిలో పారాగ్లైడర్ సెకనుకు సుమారు 1 మీటరు దిగుతుంది, సుమారు 10 మీటర్లు ముందుకు పోతుంది. 300 మీటర్ల ఎత్తున్న కొండ మీద నుంచి బయలుదేరితే ఎంతసేపు గాలిలో ఉంటుంది? 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. ఆ లోపల 3 కిలోమీటర్లు పోయి నేలకు దిగుతుంది. అదే పైలట్‌కు సెకనుకు 3 మీటర్ల వేగంతో లేచే థర్మల్ దొరికిందనుకోండి. అతడు దిగే బదులు సెకనుకు 2 మీటర్ల చొప్పున పైకి పోతాడు! అలా ఒక థర్మల్ నుంచి మరో థర్మల్‌కు పోతూ గంటల తరబడి ఎగరవచ్చు.

మరి కంటికి కనిపించని థర్మల్‌ను పైలట్ ఎలా కనిపెడతాడు? గద్దను చూసి! గద్దలు, రాబందులు ఎక్కడ గుండ్రంగా తిరుగుతున్నాయో అక్కడికి పోతే థర్మల్ దొరుకుతుందని పైలట్లందరికీ తెలుసు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీ జరిగిన హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో పైలట్లు రాబందులతో కలిసి ఒకే థర్మల్‌లో తిరగడం మామూలే. మన తెలుగు నేలమీద కూడా ఆకాశ క్రీడలు పెరుగుతున్నాయి. 2017 నవంబరులో అరకులోయలో వేడిగాలి బుడగల ఉత్సవం జరిగింది. 2021 జనవరిలో మహబూబ్‌నగర్‌లో పారామోటార్ పోటీలు జరిగాయి. పారామోటార్ అంటే పైలట్ వీపుకు చిన్న ఇంజను, పంకా కట్టుకుని ఎగిరే పారాగ్లైడర్. దీనికి మాత్రం చప్పుడు బాగానే ఉంటుంది.

ఇద్దరికీ ఒకే కొండ

ఎత్తైన ఆకాశంలో, గూటికి దూరంగా, గద్ద పక్కన మనిషి తిరిగితే సాధారణంగా ఏ ఇబ్బందీ రాదు. అక్కడ ఒక మర్యాద పాటిస్తే చాలు. థర్మల్‌లో ముందే ఉన్నవాళ్లు ఏ వైపుకు తిరుగుతుంటే, తర్వాత వచ్చినవాళ్లు కూడా అదే వైపుకు తిరగాలి. ఇది పైలట్ల నియమం. ముందే ఉన్నది గద్ద అయినా ఇదే పద్ధతి.

చిక్కంతా కొండ దగ్గర వస్తుంది. వీచే గాలి కొండకు తగిలి ముందుకు పోలేక పైకి లేస్తుంది. పైగా ఎండకు కాలిన రాతిగోడ థర్మల్‌లను పుట్టిస్తుంది. అందుకే పైలట్లు కొండ అంచులను ఇష్టపడతారు. రాబందులు, పెద్ద గద్దలు, కొమ్ముల గుడ్లగూబలు కూడా రాతి కొండల అరుగుల మీద గూళ్లు పెడతాయి. గూటి నుంచి ఒక్క అడుగు వేస్తే చాలు, పైకి లేచే గాలి రాబందును మోసుకుపోతుంది. నక్క, అడవిపిల్లి అక్కడికి ఎక్కలేవు. మనిషికి ఏ కొండ మంచిదో వాటికీ ఆ కొండే మంచిది!

కాలం కూడా కలుస్తుంది. మన ప్రాంతంలో వానలు వెలిసి ఆకాశం తేటపడ్డ శీతాకాలం, వేసవి మొదలు ఎగరడానికి అనువైన రోజులు. పొడవుముక్కు రాబందు గుడ్డు పెట్టి పిల్లను సాకేది దాదాపుగా నవంబరు నుంచి మార్చి లోపలే. కొమ్ముల గుడ్లగూబ, మన ఊళ్లలోని గద్ద కూడా ఇంచుమించు అదే రోజుల్లో గూడు పెడతాయి.

గూటిలో కూర్చుని చూస్తే

ఇప్పుడు మీరే గూటిలోని పక్షి అనుకోండి. 10 మీటర్ల వెడల్పున్న రెక్క ఒకటి చప్పుడు లేకుండా కొండ అంచు దాటి మీ నెత్తిమీదికి వచ్చింది. రాబందు రెక్కలు రెండూ చాచినా రెండు మీటర్లకు పైచిలుకు మాత్రమే. అంటే తనకు నాలుగింతలున్న 'పక్షి' అన్నమాట! అది గుడ్డతో చేసిందనీ, కింద వేలాడే మనిషి మంచివాడనీ గూటిలోని పక్షికి ఎలా తెలుస్తుంది? చప్పుడు చేస్తూ వచ్చేదాన్ని ముందుగానే గమనించవచ్చు. చప్పుడు లేకుండా పైనుంచి దిగేది వేటాడే శత్రువులాగే కనిపిస్తుంది.

అప్పుడు పక్షి గూటిని వదిలి లేస్తుంది. దాని వల్ల ఏం జరుగుతుంది? కోడిగుడ్లను పొదిగించే యంత్రాన్ని గుర్తు తెచ్చుకోండి. అందులో ఉష్ణోగ్రతను 37.5 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర ఉంచుతారు. అది తగ్గితే పిండం ఎదుగుదల మందగిస్తుంది. నాలుగైదు డిగ్రీలు పెరిగి కొంతసేపు అలాగే ఉంటే పిండం చచ్చిపోతుంది. చల్లని దేశాల్లో తల్లి లేచిపోతే గుడ్డు చల్లబడుతుందని భయపడతారు. మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మీకు తెలుసు. ఎండలో ఉన్న రాయి అంతకంటే వేడెక్కుతుంది. అందుకే ఇక్కడ తల్లిపక్షి గుడ్డుమీద కూర్చోవడమంటే ఎప్పుడూ వేడి ఇవ్వడమే కాదు. మిట్టమధ్యాహ్నం అది గుడ్డుకు గొడుగు పడుతున్నది! ఆ గొడుగు అరగంట లేకపోతే గుడ్డు ఉడికిపోవచ్చు. ఈకలు రాని పిల్ల కూడా ఎండను ఓర్చుకోలేదు.

ఎండతో పాటు కాకి కూడా ఉంది. తల్లి ఎప్పుడు లేస్తుందా అని అది చూస్తూనే ఉంటుంది.

నా గాలిపటం కథ

ఈ సంగతి నేను పుస్తకంలో చదవకముందే నేర్చుకున్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు. సంక్రాంతి వెళ్లినా మా గాలిపటాల సరదా తీరలేదు. చెరువుకట్ట మీద పెద్ద రావిచెట్టు ఉండేది. దాని చిటారుకొమ్మల్లో గద్ద గూడు. నేను కట్టమీద నిలబడి గాలిపటం ఎగరేస్తే ఆ గద్ద కూతపెడుతూ వచ్చి దానిచుట్టూ తిరిగి, మీదికి దూకి, మళ్లీ లేచేది. గద్ద నాతో ఆడుకుంటున్నదని నాకు ఒకటే సంబరం! వరసగా నాలుగు రోజులు, బడి వదలగానే పుస్తకాలు ఇంట్లో పడేసి అక్కడికే పరుగెత్తాను.

నాలుగోరోజు మా తాతయ్య గొడ్లను తోలుకొస్తూ ఆగి చూశాడు. "ఆడుకోవడం కాదురా అది, ఏడవడం. గూట్లో గుడ్లున్నాయి దానికి" అన్నాడు. నేను దారం చుట్టేశాను. తర్వాత వారం రోజులకు గూటిమీద గద్ద కనబడలేదు. కాకులు మాత్రం గూటి అంచున వాలి లోపలికి ముక్కులు పెడుతున్నాయి.

ఆ గుడ్లు నా గాలిపటం వల్లే పోయాయని ఒక సైన్సు మాస్టారుగా ఈరోజు నేను రుజువు చేయలేను. వేరే కారణం కూడా ఉండవచ్చు. కాని ఆ నాలుగు సాయంత్రాలు ఆ గద్ద గూటిమీద లేకుండా చేసింది మాత్రం నేనే. నాకు పక్షులంటే కోపం లేదు, వాటిని చూస్తే సంతోషం. అపకారం జరగడానికి మన మనసులో కోపం ఉండనక్కరలేదని నాకు ఆనాడే తెలిసింది. పారాగ్లైడింగ్ చేసేవాళ్లలో చాలామంది కూడా పక్షులను ఇష్టపడేవాళ్లే!

పక్షి చెప్పే మాట

గూటి దగ్గరికి వచ్చినవాడిని పక్షి ముందుగా హెచ్చరిస్తుంది. ఆ భాష తెలిసినవాడికి అది స్పష్టంగానే ఉంటుంది. ఆల్ప్స్ పర్వతాల్లో గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద గద్ద ఉంది. తన హద్దులోకి ఎవరైనా వస్తే అది రెక్కలు ముడిచి కిందికి దూకుతుంది, వెంటనే పైకి లేస్తుంది, మళ్లీ దూకుతుంది. దూరం నుంచి చూస్తే అల మీద అల వచ్చినట్టుంటుంది. స్విట్జర్లాండులో పారాగ్లైడర్ పైలట్లకు ఈ సంకేతాన్ని నేర్పుతారు. అది కనబడితే వెంటనే అక్కడి నుంచి తప్పుకోవాలి. పదేపదే కూతపెట్టడం, ఎదురుగా రావడం, కాళ్లు కిందికి చాచడం, పైనుంచి మీదికి దూకడం కూడా 'పో' అనే మాటలే.

ఈ మాట వినకపోతే పక్షికే కాదు, మనిషికీ ప్రమాదమే. 2007లో ఆస్ట్రేలియాలోని మానిల్లా దగ్గర బ్రిటిష్ పారాగ్లైడింగ్ క్రీడాకారిణి నికీ మాస్ మీద రెండు పెద్ద గద్దలు దాడి చేశాయి. వాటిలో ఒకటి గ్లైడర్ తాళ్లలో చిక్కుకుంది. రెక్క ముడుచుకుని ఆమె వేగంగా కిందికి జారిపోయారు. అదృష్టవశాత్తు పక్షి విడిపించుకున్నది, ఆమె క్షేమంగా దిగారు. ఆకాశంలో మనిషి ప్రాణం ఆ గుడ్డరెక్క, ఆ సన్నని తాళ్ల మీదే ఆధారపడి ఉంటుందని మరచిపోకూడదు.

ఒక్క గుడ్డు విలువ

"ఒక గుడ్డు పోతే మరొకటి పెట్టదా?" అని మీరు అడగవచ్చు. గద్ద రెండు మూడు గుడ్లు పెడుతుంది. రాబందు మాత్రం ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాన్ని తల్లీ తండ్రీ వంతులవారీగా దాదాపు 50 రోజులు పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి ఆ పైన మరికొన్ని నెలలు కావాలి. ఆ ఒక్కటి పోతే ఆ జంటకు ఆ ఏడు పిల్ల లేనట్టే.

పైగా రాబందులు ఇప్పటికే చావు అంచుకు వెళ్లివచ్చిన పక్షులు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 1992 నుంచి 2007 వరకు మనదేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పునే మిగిలాయి. పొడవుముక్కు రాబందులు, సన్నముక్కు రాబందులు కలిపి నూటికి మూడు మిగిలాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది.

అందుకే 2013లో ఒక వార్త పక్షి ప్రేమికులకు ఎంతో సంతోషం కలిగించింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ఒడ్డున ఉన్న పాలరాపు గుట్టమీద పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని ఉన్నట్టు గుర్తించారు. అటవీశాఖ వారు అక్కడ కాపలాకు మనుషులను పెట్టారు. తర్వాతి ఏళ్లలో పక్షుల సంఖ్య పెరుగుతూ తరుగుతూ వచ్చింది. అటువంటి గుట్టముందు ఎవరైనా సరదాకు ఒక్క మధ్యాహ్నం ఎగిరితే ఎంత నష్టమో మీరే ఆలోచించండి.

ఆట, పక్షి రెండూ నిలిచే మార్గం కూడా ఉంది. బెంగుళూరు దగ్గర రామనగర గుట్టలు 1975లో విడుదలైన 'షోలే' సినిమాలో చూపిన గుట్టలే. ఆ రాళ్లు ఎక్కడానికి యువకులు వస్తుండేవారు. అక్కడి రామదేవరబెట్ట గుట్టమీద పొడవుముక్కు రాబందులు గూళ్లు పెట్టేవి. 2012లో ఆ గుట్టను రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. రాళ్లెక్కే క్రీడ ఆగిపోలేదు. గూళ్లున్న గుట్టను వదిలి మిగిలిన గుట్టల మీద సాగింది.

ఎగిరేవాళ్లు పాటించవలసినవి

1. కొత్త కొండ మీద నుంచి ఎగరబోయే ముందు అటవీశాఖ వారిని, ఆ ఊరి పశువుల కాపరులను అడగాలి. ఏ రాతి అరుగున ఏ గూడు ఉన్నదో కాపరికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రాతిగోడ మీద కారిన తెల్లని రెట్ట చారలు కూడా గూటి గుర్తే.

2. గూడున్న కాలంలో ఆ రాతిగోడకు కొన్ని వందల మీటర్ల దూరం పాటించాలి. ముఖ్యంగా గూటికి నేరుగా పైనుంచి పోకూడదు.

3. ఫొటో కోసం గుట్టముందు అటూ ఇటూ తిరగకూడదు. ఒకసారి దాటిపోయినవాడిని పక్షి ఓర్చుకోవచ్చు. మళ్లీ మళ్లీ వచ్చేవాడిని ఓర్చుకోదు.

4. పక్షి హెచ్చరిస్తే దాని వెంటపడకుండా, కొండకు దూరంగా, సాఫీగా తిరిగి వెళ్లిపోవాలి.

5. గూడు ఎక్కడున్నదో సెల్‌ఫోన్లలో అందరికీ చాటకూడదు. కాపాడవలసిన వారికి చెబితే చాలు.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకు ఇచ్చిన అర్థం చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. తుపాకితో కాల్చడం ఒక్కటే వేట కాదు. అడవిపక్షుల గుడ్లను, గూళ్లను అలజడికి గురిచేయడం కూడా వేట కిందికే వస్తుంది!

మరి మీ సంగతి?

"మాకు పారాగ్లైడర్ ఎక్కడిది మాస్టారూ?" అంటారా? మీ చేతిలో గాలిపటం ఉంది. పెళ్లిళ్లలో ఫొటోలు తీసే డ్రోను ఉంది, చేలమీద మందు చల్లే డ్రోను ఉంది. అవి కూడా గద్దలు తిరిగే ఆకాశంలోనే ఎగురుతాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అది పక్షి రెక్కలను కోస్తుంది, దాన్ని ముట్టుకోకండి. నూలుదారంతో ఎగరేసినా గూడున్న చెట్టుకు దూరంగా, ఖాళీ మైదానంలో ఎగరేయండి. డ్రోను ఎగరేసే అన్నయ్యకు ఆ చెట్టు చూపించి, "అటు వద్దన్నా, గూడుంది" అని చెప్పండి.

ఈ ఏడు మీ ఊళ్లో ఒక గద్ద గూటిని వెతకండి. తాటిచెట్టు, చింతచెట్టు, సెల్ టవరు, ఎక్కడైనా ఉండవచ్చు. చెట్టెక్కవద్దు, దగ్గరికి పోవద్దు. దూరం నుంచే చూస్తూ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పక్షి ఏ తేదీన కూర్చున్నది? మధ్యాహ్నం ఎంతసేపు లేచి ఉన్నది? కాకి వస్తే ఏం చేసింది? పిల్ల మొదటిసారి ఏ రోజున రెక్కలాడించింది? మీరు నిలబడ్డ చోటు నుంచి పక్షి మీవైపు తల తిప్పి చూస్తుంటే మరో పది అడుగులు వెనక్కి జరగండి. అది మిమ్మల్ని మరచిపోయి తన పని తాను చేసుకుంటున్నప్పుడే మీరు సరైన దూరంలో ఉన్నట్టు.